ఆఫీసును మ్యాక్‌లకు మార్చేముందు: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి అల్లుడికి,

ఆశీస్సులు. విండోస్ డిజైన్ సిస్టమ్‌లన్నీ తీసేసి యాపిల్ మ్యాక్‌లు పెడుతున్నానని నువ్వు పెట్టిన మెసేజ్, దాంతో పంపిన లిస్టు చూశాను. మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్‌తో విండోస్ 10కి సపోర్ట్ ఆపేసింది. మన పాత మెషిన్లకు ఎలాగూ డబ్బు పెట్టాలి కదా, పెట్టేదేదో మంచివాటి మీదే పెడదామన్న నీ లెక్క బాగానే ఉంది. నేనేం వద్దనను. కాకపోతే పుస్తకాలూ కార్డులూ కంపోజ్ చేసే మన పనిలో అసలు చిక్కు తెలుగు ఫాంట్ల దగ్గర వస్తుంది. నీ లిస్టులో దాని ఊసే లేదు.

ముందు తేలిక సంగతులు. అడోబ్ గురించి టెన్షన్ పడకు. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్, బొమ్మలు గీసే ఇల్లస్ట్రేటర్ ఉండే క్రియేటివ్ క్లౌడ్ చందా ఒక్కటే, విండోస్‌కీ మ్యాక్‌కీ అదే పనికొస్తుంది. ఒక్కో లైసెన్సును రెండు మెషిన్లలో యాక్టివేట్ చేసుకోవచ్చు, ఒకేసారి రెండింట్లో వాడకూడదు, అంతే. అంటే మార్పు పూర్తయ్యేదాకా ఒక్కో ఆపరేటర్ దగ్గర పాతదీ కొత్తదీ రెండూ ఉంచొచ్చు. ఇల్లస్ట్రేటర్ లాంటిదే అయిన కోరల్‌డ్రా విషయం వేరు. ఒకేసారి డబ్బు కట్టి కొన్న మన విండోస్ కోరల్ మ్యాక్‌లోకి ఎక్కదు. 2019 నుంచి మ్యాక్‌కి మళ్లీ కోరల్ వస్తోంది, అది విడిగా కొనాల్సిందే. ఫ్లెక్సీల కుర్రాడు తప్ప మిగతావాళ్లు ఇల్లస్ట్రేటర్‌లోనే చేస్తున్నారు కాబట్టి నువ్వైతే కొనకు. ఆ కుర్రాణ్ణి విండోస్‌లోనే ఉండనీ. కటింగ్ ప్లాటర్ కూడా దానికే తగిలించి ఉందిగా.

ఇక అను ఫాంట్లు. ఇన్నేళ్ల పుస్తకాలూ పెళ్లికార్డులూ అన్నీ వాటిలోనే కంపోజ్ చేశాం. అవి యూనికోడ్, అంటే ఏ కంప్యూటరైనా తెలుగు అక్షరాన్ని తెలుగుగానే గుర్తించే పద్ధతి, కావు. ఇంగ్లిష్ అక్షరాలుండే చోట తెలుగు అక్షరాల ముక్కలు కూర్చిపెట్టిన ఫాంట్లవి. మన వాళ్ల వేళ్లకు అలవాటైన అను కీబోర్డు విండోస్ ప్రోగ్రామ్. ఫాంటు లేకుండా ఆ ఫైలును మ్యాక్‌లో ఇన్‌డిజైన్‌తో తెరిచి చూడు, గులాబీ రంగు పట్టీల మీద పిచ్చి గీతల్లా ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కనిపిస్తాయి. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చొచ్చంటారు. మారుతుంది కూడా. కానీ ఒత్తుల దగ్గర, మధ్యలో ఇంగ్లిష్ మాట వచ్చిన చోట తప్పులు దొర్లుతాయి. 300 పేజీల పుస్తకం మార్చావంటే 300 పేజీలకూ మళ్లీ ప్రూఫు చూడాలి. ఆ కూలి ఎవరిస్తారు? రచయిత ఇవ్వడు.

అందుకని పాత పనుల జోలికి పోకు. ఉన్నవాటిలో బాగున్న విండోస్ మెషిన్ ఒకటి ఎంచి, అను, పేజీలు కూర్చే పాత ప్రోగ్రామ్ పేజ్‌మేకర్, పాత కోరల్ అన్నీ అందులోనే ఉంచి, ఇంటర్నెట్ తీసేసి ఓ మూల పెట్టు. పేజ్‌మేకర్ 2001లో వచ్చిన 7.0తోనే ఆగిపోయింది. ఆ ఫైళ్లను తెరవగలిగిన ఇన్‌డిజైన్‌లలో సీఎస్6 ఆఖరిది, ఇప్పటివి తెరవవు. ఎవరైనా పాత పుస్తకం రీప్రింట్ అంటూ వస్తే ఆ మూల మెషిన్‌లోనే దిద్ది పీడీఎఫ్ తీసి ఇచ్చెయ్.

కొత్తగా వచ్చే ప్రతి పనీ మాత్రం మ్యాక్‌లో, యూనికోడ్‌లోనే మొదలుపెట్టించు. తెలుగు కీబోర్డు మ్యాక్‌లోనే ఉంటుంది, కొనక్కర్లేదు. మండలి, రామభద్ర, సూరవరం, గురజాడ లాంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. పెళ్లికార్డుకు అనులో ఉన్నన్ని వంపులూ సొంపులూ వీటిలో లేవని మీ సీనియర్ డిజైనర్ గొణుగుతాడు. నిజమే, లేవు. శుభలేఖ పైన పేర్లు మాత్రం పాత మెషిన్‌లో అనులో వేసి, అవుట్‌లైన్ చేసి, అంటే ఫాంటు అక్కర్లేని బొమ్మగా మార్చి, తెచ్చుకోమను.

ఒక్క సెట్టింగ్ మాత్రం నువ్వే దగ్గరుండి చేయించు. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో ‘అడోబ్ వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్’ అని ఉంటుంది. అది ఎంచుకోకపోతే ‘లక్ష్మి’ అని కొట్టినా ఒత్తులు కిందికి దిగవు, అక్షరాలు విడివిడిగా పొల్లులతో నిలబడతాయి. ఏ ఫైలూ తెరవకుండా ఆ ఎంపిక చేస్తే తర్వాత తెరిచే ప్రతి కొత్త ఫైలుకూ అదే వస్తుంది. ఇల్లస్ట్రేటర్‌లో ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద ఇండిక్ ఆప్షన్లు ఆన్ చెయ్యాలి. చాలామంది ఈ చిన్న పని తెలియక, మ్యాక్‌లో తెలుగు రాదని తేల్చేస్తారు.

మెషిన్లు కొనేటప్పుడు ర్యామ్ దగ్గర పొదుపు చెయ్యకు. ఇప్పటి మ్యాక్‌లలో తర్వాత పెంచుకునే వీలు లేదు, 16 జీబీకి తగ్గొద్దు. 2020 చివర్లో మొదలైన ఎం సిరీస్ చిప్‌ల మీద, మ్యాక్‌లో విండోస్ వేసుకునే బూట్ క్యాంప్ ఉండదు కాబట్టి, అదే మెషిన్‌లో విండోస్ కూడా వేసుకుందామన్న నీ ఆలోచన వదిలెయ్. ప్యారలల్స్ అనే ప్రోగ్రామ్‌తో మ్యాక్ లోపలే విండోస్ 11 నడుస్తుంది గానీ, అది ఏఆర్ఎం రకం, అంటే వేరే తరహా చిప్‌ల కోసం చేసింది. సాఫ్ట్‌వేర్ లైసెన్సు కోసం తగిలించే డాంగిల్ డ్రైవర్ల దగ్గర ఇబ్బంది పెడుతుంది.

పాత హార్డ్ డిస్క్‌లు ఎన్‌టీఎఫ్ఎస్ అనే విండోస్ ఫార్మాట్‌లో ఉంటాయి. మ్యాక్ వాటిని చదువుతుందే తప్ప వాటిలో రాయదు. ఇటూ అటూ తిప్పేవాటిని రెండింట్లోనూ రాయగల ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయించు, లోపలున్నది ముందు వేరేచోటికి కాపీ చేశాకే సుమా. డీ డ్రైవ్‌లోంచి పెట్టిన ఫొటోల లింకులు మ్యాక్‌లో తెగిపోతాయి, లింక్స్ ప్యానెల్‌లో ఫోల్డర్ చూపించి కలుపుకోవచ్చు.

ఇక మనుషులు. పదేళ్లుగా చిటికెన వేలితో కంట్రోల్ నొక్కినవాడు ఇప్పుడు బొటనవేలితో కమాండ్ నొక్కాలి. కొన్నాళ్లు స్పీడు సగానికి పడిపోతుంది, తిట్టకు. అందర్నీ ఒకేసారి మార్చొద్దు. ముందు పుస్తకాల టేబుల్, తర్వాత కార్డులు. మొదలుపెట్టడం ఆషాఢంలో పెట్టుకో, ముహూర్తాలు ఉండవు, కార్డుల ఒత్తిడీ ఉండదు. శ్రావణం వచ్చిందంటే నీకు నీళ్లు తాగే తీరికుండదు. లెక్కలు చూసే అమ్మాయి ట్యాలీ మెషిన్‌ని అసలు ముట్టుకోకు.

మొదటి ఆర్డర్‌గా రెండు మెషిన్లే తెప్పించు. వచ్చిన రోజే ఒక పుస్తకం ఫారం, అంటే ఒక షీటు మీద అచ్చయ్యే పేజీలు, వాటిలో కంపోజ్ చేయించి, పీడీఎఫ్ తీసి ప్లేట్లు వేసేవాళ్ల దగ్గరికి పంపు. అక్కడ ఒత్తులూ రంగులూ సరిగ్గా పడ్డాయని చూశాకే మిగతావాటికి డబ్బు కట్టు.

ఇట్లు,
మీ మావయ్య