ఆరేళ్ళ పిల్లవాడి చేతికి ఫోను: ఇంట్లోవాళ్ళందరి మాటా ఒకటైతేనే అదుపు

బడి నుంచి హోంవర్కు వాట్సాప్‌లోనే వస్తోందనీ, ఆ వంకతో మీ ఆరేళ్ళ బాబు ఫోను వదలడం లేదనీ, పూర్తిగా మాన్పించాలా లేక ఏదైనా యాప్‌తో అదుపు చేయవచ్చా అనీ అడిగారు. మాది గుంటూరు బ్రాడీపేట. అత్తగారు, మామగారు మాతోనే ఉంటారు. బాబు రెండో తరగతి చదువుతున్నాడు, పాప ఇంకా బడికి వెళ్ళడం లేదు. పిల్లవాడి ట్యాబ్‌కు ఎన్ని తాళాలు వేసినా, ఇంట్లో పెద్దవాళ్ళ ఫోన్లు తెరిచి ఉన్నంతకాలం అవి అక్కరకు రావని నాకు అనుభవం మీద తెలిసింది.

ఒక సాయంత్రం అత్తగారు చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే, బాబు ఆవిడ ఫోనులో యూట్యూబ్ తెరిచి, మైకు గుర్తు నొక్కి "పాములు" అన్నాడు. వాడికి టైపు చేయడం రాకపోయినా నోటితో చెబితే ఫోను వెతికిపెడుతుంది. పుట్టలోంచి పాము బయటికి రావడంతో మొదలైన వీడియోలు ఒకదాని వెంట ఒకటి వాటంతటవే వస్తూ, చివరికి పాముకాటుకు మనిషి గిలగిల కొట్టుకునే దృశ్యం దాకా వచ్చాయి. పక్కనే కూర్చున్న ఆవిడకు సంగీతం వినిపించిందే తప్ప తెర కనిపించలేదు. ఆ రాత్రి వాడు లైటు ఆర్పనివ్వలేదు. చూసినవాటిని బట్టే యూట్యూబ్ కొత్తవి చూపిస్తుంది కాబట్టి, ఆవిడ ఫోనులో వీక్షణ చరిత్ర చెరిపేసి, ఆటోప్లే ఆపేసేవరకూ అలాంటివే పైకి వస్తూ ఉన్నాయి.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. హోంవర్కు కోసం ఫోను పిల్లవాడికి ఇవ్వనక్కరలేదు. నేనైతే చూసి మా బాబు డైరీలో రాసి ఇస్తాను. వీడియో చూపించక తప్పనప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండే యాప్ పిన్నింగ్‌ను సెట్టింగ్సులో ఆన్ చేసి, బయటికి రావాలంటే పిన్ అడిగేలా పెట్టండి. అప్పుడు మనం తెరిచి ఇచ్చిన యాప్‌ను దాటి పిల్లవాడు వెళ్ళలేడు. పెద్దవాళ్ళకు నేర్పడానికి ఇంతకంటే తేలికైనది నాకు కనబడలేదు.

ట్యాబ్‌లో గూగుల్ ఫ్యామిలీ లింక్ పెట్టాము. కొత్త యాప్ వేసుకోవాలంటే నా ఫోనుకు అనుమతి కోరుతూ సందేశం వస్తుంది, రాత్రి నేను పెట్టిన వేళకు ట్యాబ్ దానంతటదే మూతపడుతుంది. యూట్యూబ్ కిడ్స్‌లో మనం ఎంచినవి మాత్రమే కనిపించే అమరిక ఒకటి ఉంది. అది పెడితే వెతికే సదుపాయమే ఉండదు కనుక, నోటితో అడిగి వెతికే వయసు పిల్లలకు అదే సరైనదని నా అభిప్రాయం. వైఫై రూటరులో డీఎన్‌ఎస్‌ను, అంటే సైటు పేరు చెబితే దాని చిరునామా వెతికిపెట్టే అమరికను, 1.1.1.3గా మార్చాము. క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ 2020లో కుటుంబాల కోసం ఉచితంగా తెచ్చిన ఈ సేవ అశ్లీల సైట్లను అడ్డుకుంటుంది. అయితే మొబైల్ డేటా మీద నడిచే ఫోనుకు అది వర్తించదు, యూట్యూబ్ లోపల వచ్చేవాటిని వడకట్టదు.

వీటన్నిటికంటే కష్టమైనది పెద్దవాళ్ళతో మాట్లాడటం. మనవడి మీద ప్రేమతో ఇచ్చే ఫోనును "ఇవ్వకండి" అని కోడలు అంటే నొచ్చుకుంటారు, అది సహజం. అందుకే మావారు వాళ్ళమ్మగారితో కూర్చుని, ఆ పాము వీడియోను ఆవిడకే చూపించారు. ఆ తరువాత ఆవిడే తన ఫోనుకు లాక్ పెట్టమన్నారు. ఇప్పుడు ఎవరి ఫోనైనా హాల్లోనే, ఇయర్‌ఫోన్లు లేకుండా, పక్కన పెద్దవాళ్ళు తెర చూస్తూ ఉండగానే పిల్లల చేతికి వెళ్తుంది. పాపకు అన్నం పెట్టేటప్పుడు ఫోను లేదు, డాబా మీద కాకులను చూపిస్తూ అత్తగారే తినిపిస్తున్నారు. రెండేళ్ళలోపు పిల్లలకు తెర అసలే వద్దనీ, రెండు నుంచి ఐదేళ్ళలోపు వారికి రోజుకు గంట మించకూడదనీ, ఐదు నుంచి పదేళ్ళ వారికి రెండు గంటలలోపే ఉండాలనీ ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. ఆ మాట డాక్టర్లది అని చెప్పినప్పుడు మామగారు వెంటనే ఒప్పుకున్నారు.

పిల్లవాడు చూడకూడనిది చూశానని వచ్చి చెబితే దయచేసి కోప్పడకండి. తిట్టినచోట మరోసారి చెప్పడు. ఎవరైనా ఆన్‌లైన్‌లో పిల్లవాణ్ణి వేధిస్తే పిల్లల సహాయ నంబరు 1098కి, డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోను చేయండి. ఈ రెండు నంబర్లనూ ఇంట్లో అందరి ఫోన్లలో ఇవాళే వేసి ఉంచండి.