విదేశంలో జబ్బు పడినా, చనిపోయినా ఇంటికి చేర్చే ఖర్చు ప్రయాణ బీమా ఇస్తుందా?

చాలా పాలసీలు ఇస్తాయి. షెంజెన్ వీసాకైతే (యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా) ఈ కవర్ తప్పనిసరి, కనీసం 30,000 యూరోలకు. కానీ పేర్లు చూసి మోసపోవద్దు. ‘మెడికల్ ఎవాక్యుయేషన్’ అంటే సాధారణంగా తగిన చికిత్స దొరికే ఆసుపత్రికి తరలించడమే. సొంత దేశానికి తేవడం ‘రీపాట్రియేషన్’. మొదటిది ఉంటే రెండోదీ ఉన్నట్టేననుకోకండి.

రోగిని ఎప్పుడు, ఎలా తేవాలన్నది కుటుంబం ఒక్కటే నిర్ణయించలేదు. చికిత్స చేస్తున్న డాక్టరుతో మాట్లాడి బీమా సంస్థ వైద్య బృందం తేలుస్తుంది. స్ట్రెచర్ మీద తేవాలంటే విమానంలో అనేక సీట్లు, వెంట నర్సు, ఎయిర్‌లైన్ వైద్య అనుమతి కావాలి. అందుకే ఆలస్యమవుతుంది.

మరణిస్తే ఎంబామింగ్ (మృతదేహం పాడవకుండా మందులతో భద్రపరచడం), విమానానికి తగిన పేటిక, కార్గో ఛార్జీ సాధారణంగా రీపాట్రియేషన్ కవర్‌లోకే వస్తాయి. మరణ ధ్రువపత్రం, ఎంబామింగ్ సర్టిఫికెట్, ఎంబసీ అనుమతి, పాస్‌పోర్టు సిద్ధం చేసుకోవాలి. ప్రమాదమో, అనుమానాస్పద మరణమో అయితే పోలీసు, పోస్ట్‌మార్టం నివేదికలు వచ్చేదాకా మృతదేహం కదలదు. అక్కడే అంత్యక్రియలు చేస్తే చాలా పాలసీలు ఆ ఖర్చూ ఇస్తాయి, పరిమితి మాత్రం తక్కువగా ఉండొచ్చు.

క్లెయిములు ఎక్కువగా దెబ్బతినేది రెండు చోట్ల: పాత జబ్బు దాచడం, ముందే చెప్పకుండా ఏర్పాట్లు చేసేసుకోవడం. దయచేసి ఏ ఏజెంటుకూ డబ్బు కట్టకముందే పాలసీ మీదున్న 24 గంటల సహాయ నంబరుకు ఫోన్ చేసి, కేసు నంబరు రాసుకోండి. పాలసీ కాపీ ఒకటి ఇంట్లోవాళ్ల దగ్గర ఉంచి బయల్దేరండి. ఆ సమయంలో ఫోన్ చేయాల్సింది వాళ్లే.