కొట్లో దొరికే ఊదలూ, వరిచేలో కలుపుగా వచ్చే ఊదా ఒకటేనా?

ఒకటి కాదు, తల్లీకూతుళ్లు. కొట్లో దొరికే ఊదల శాస్త్రీయ నామం ఎకినోక్లోవా ఫ్రుమెంటేసియా. దాని తల్లి ఎకినోక్లోవా కొలోనా ఇప్పటికీ మన చేలల్లో కలుపుగా మొలుస్తూనే ఉంది. వరిలో ఎక్కువగా విసిగించే ఇంకో ఊద, ఎకినోక్లోవా క్రస్‌గల్లి పెద్దమ్మ వరస.

నాకు పదేళ్లప్పుడు కలుపు తీయడానికి నేనూ మడిలో దిగాను. కూలికి వచ్చిన ఒక పెద్దావిడ నా గుప్పెట విప్పి చూసి, "ఇందులో సగం వరే నాయనా" అంది. ఒక మొక్క తీసి, ఆకు కాడని వదిలి పక్కకు తిరిగే చోట వేలితో వంచింది. అక్కడ తెల్లగా, ఉల్లిపొరంత పల్చగా చిన్న నాలుక నిలబడి ఉంది. "ఇదుంటే వరి." ఇంకో మొక్క వంచింది. నున్నగా ఉంది, ఏమీ లేదు. "ఇది ఊద." డిగ్రీలో ఆ నాలుకని లిగ్యూల్ అంటారని విన్న రోజు నాకు ఆవిడ బురద వేలే గుర్తొచ్చింది.

ఊద అంతగా వరిని పోలి ఉండటానికి కారణం మనమే. తేడాగా కనబడిందల్లా పీకేస్తాం, పోలిక ఉన్నది మిగిలి గింజ రాలుస్తుంది. తరతరాలుగా జరిగింది ఇదే.

పంటకీ కలుపుకీ రైతులు ఒకే పేరు ఉంచడం తెలియక కాదు. దగ్గరి చుట్టాలైన మొక్కల గుంపుని శాస్త్రం ప్రజాతి అంటుంది, అదీ ఇదే. పేర్లు పాడైంది పట్నంలోనే. మొన్న ఊదలని రాసిన ప్యాకెట్ కొంటే, మా అమ్మ అరచేతిలో పోసుకుని "ఇవి సామలురా" అంది. వీటి ప్రజాతులే వేరు: సామలు పానికం, కొర్రలు సెటేరియా, అరికెలు పాస్పాలం. అన్నింటినీ మిల్లెట్స్ అని ఒకే మూట కడితే ఇలాగే అవుతుంది.

శాస్త్రవేత్తల మీదా నాకు కోపమే. సజ్జని పెన్నిసెటమ్ గ్లాకమ్ అని చదువుకున్నాం. 2010లో దాన్ని సెంక్రస్ అనే ప్రజాతిలో కలిపి సెంక్రస్ అమెరికానస్ అన్నారు. ఆఫ్రికాలో పుట్టిన పంటకి అమెరికా పేరు!

1965లో శర్మ, శాస్త్రి అనే శాస్త్రవేత్తలు మాత్రం ఒక అడవి వరికి ఒరైజా నివారా అని చక్కటి పేరు పెట్టారు. మంత్రపుష్పంలో "నీవార శూకవత్" అని చదువుతామే, ఆ నీవారం, మన నివ్వరి. శూకమంటే గింజ కొసనుండే ముల్లు. చెరువు అంచున, నీళ్లు నిలిచే గుంటల్లో వెతకండి. ముల్లు పొడుగ్గా ఉంటుంది, పండిన వెన్నుకు చెయ్యి తగిలితే గింజ రాలిపోతుంది.