హైవే మీద నడిచేవాడికి చట్టం లేదా?

ప్రశ్న: మాది గంజాం జిల్లాలో సురంగి దగ్గర పల్లె. మా తమ్ముడు ఇచ్ఛాపురంలో ఉంటాడు. పోయిన నెలలో భార్యను, ఆరేళ్ళ పాపను బండి ఎక్కించుకుని బరంపురంలో పెళ్ళికి బయల్దేరాడు. గిరిసోలా దాటాక పదహారో నెంబరు హైవే మీద డివైడరుకు ఊరివాళ్ళు చేసుకున్న సందులోంచి ఒకాయన ఫోను మాట్లాడుకుంటూ గబాలున రోడ్డెక్కేశాడు. బ్రేకు వేసినా ఆగలేదు. ఆయన కాలు విరిగింది. మావాళ్ళకు గీరుకుపోయిన దెబ్బలు. జనం మూగి బండి తాళం లాక్కున్నారు. పెద్దమనుషులు కూర్చుని లక్ష అన్నారు. ఇరవై వేలు అక్కడే ఇచ్చాం, మిగతాది ఇస్తామని కాగితం రాయించుకున్నారు. అయినా పోలీసు కేసు పడింది. స్టేషన్లో ఒడియాలో రాసిన కాగితాల మీద తమ్ముడి చేత సంతకాలు పెట్టించారు. వాడికి ఒడియా మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. హెల్మెట్ పెట్టుకున్నాడు, లైసెన్సు, ఇన్సూరెన్సు ఉన్నాయి. ఏపీ నెంబరు బండి, ఇంకా స్టేషన్ ముందే వానకు తడుస్తోంది. "ముగ్గురెక్కారు కాబట్టి తప్పంతా మీదే" అంటున్నారు. ఎటు చూసినా అడ్డదిడ్డంగా తోలేవాళ్ళు, చూడకుండా రోడ్డు దాటేవాళ్ళు. నడిచేవాడికి ఏ చట్టమూ లేదా? హైవే వాళ్ళ పెరడా? మిగతా ఎనభై వేలు ఇవ్వాల్సిందేనా?

జవాబు: ముందు ఎనభై వేల సంగతి. ఇవ్వకండి. పోలీసు కేసు లేకుండా చేస్తామని చెప్పి రాయించుకున్న కాగితం కోర్టులో నిలవదు. నేరం కేసును నొక్కేయడానికి కుదుర్చుకున్న బేరాన్ని కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ చెల్లనివ్వదు. ఆ కాగితం చేతిలో పెట్టుకుని ఎవరూ మీ మీద దావా గెలవలేరు. అలాగని అది చిత్తు కాగితమని వదిలేయకండి. అందులో "నా తప్పు వల్ల ప్రమాదం జరిగింది" అన్న వాక్యం ఉందేమో చూసుకోవాలి. మన పంచాయితీల్లో ఆ వాక్యం లేకుండా ఎవరూ రాయించరు. పోలీసు ముందు ఒప్పుకున్నది కోర్టులో నేరాంగీకారంగా పనికిరాదు గానీ, నలుగురు పెద్దమనుషుల ముందు రాసిచ్చినది మాత్రం మీ తమ్ముడికి ఎదురు సాక్ష్యంగా రావచ్చు. మీరు స్టేషన్లో సంతకాలకు భయపడుతున్నారు, నాకు ఈ కాగితమే ఎక్కువ భయం. దాని నకలు, లేకపోతే కనీసం ఫోటో సంపాదించండి. గుంపు మధ్య, తాళం వాళ్ళ చేతిలో ఉండగా, చంటిదాన్ని పక్కన పెట్టుకుని రాసిన కాగితమని ఇప్పుడే రాతపూర్వకంగా ఎస్పీ గారికి, దర్యాప్తు అధికారికి స్పీడ్ పోస్టులో పంపండి. ఇంగ్లీషులో రాయండి, సరిపోతుంది. ఆలస్యమయ్యే కొద్దీ ఆ మాటకు బరువు తగ్గుతుంది.

ఇన్సూరెన్సు కంపెనీకి ఇంతవరకు చెప్పారా? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. ప్రమాదం జరిగినప్పుడు దెబ్బ తగిలినవాణ్ణి ఆసుపత్రికి చేర్చడం, 24 గంటల్లో పోలీసులకు తెలియజేయడం, బీమా కంపెనీకి రాసివ్వడం మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ డ్రైవరు మీద పెట్టిన బాధ్యతలు. గుంపు కొడుతుందన్న భయం ఉంటే అక్కడ నిలబడకపోయినా తప్పు కాదని అదే సెక్షన్ అంటుంది. ఇప్పటికైనా కంపెనీకి రాయండి, ఎఫ్.ఐ.ఆర్. నకలు జతచేయండి. ఇరవై వేలు ఇచ్చిన మాట దాచకండి. కంపెనీ అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోవడం, డబ్బిస్తానని మాటివ్వడం పాలసీ షరతులకు విరుద్ధం. దాన్ని వాళ్ళు మీ మీద వాడుకోకముందే మీరే చెప్పడం మేలు. ఆ ఇరవై వేలను వైద్యానికి ఇచ్చిన సాయంగా రాయండి.

ఇక కాలు విరిగిన ఆయన. ఆయన మీద మీకు కోపం ఉంది, సహజం. కానీ ఆయనకు రావలసిన డబ్బు మీ జేబులోంచి కాకుండా ఇన్సూరెన్సు నుంచి వచ్చే దారి ఉంది, అది ఎనభై వేలకంటే పెద్దది. మోటారు వాహనాల చట్టంలో 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న 164వ సెక్షన్ ప్రకారం తీవ్రగాయమైతే 2.5 లక్షలు, మనిషి పోతే 5 లక్షలు ఇవ్వాలి. తప్పు ఎవరిదని రుజువు చేయనక్కర్లేదు. ఫోను మాట్లాడుతూ రోడ్డెక్కినవాడికి కూడా అది వర్తిస్తుంది, మీకు ఎంత మంట పుట్టినా చట్టం అంతే. ఎముక విరగడం చట్టం దృష్టిలో తీవ్రగాయమే. ఇంతకంటే ఎక్కువ కావాలంటే 166 కింద వేసుకోవాలి, అక్కడ తప్పెవరిదన్న లెక్క తేలాలి. 166 కింద వేయడానికి ప్రమాదం రోజు నుంచి ఆరు నెలలే గడువని చట్టంలో ఉంది. ఆ గడువు మీద సుప్రీంకోర్టులో వివాదం నడుస్తోంది, దాన్ని నమ్ముకుని ఎవరూ ఆలస్యం చేయకూడదు. ఆయన బరంపురంలోనే వేసుకోవచ్చు. మీ తమ్ముడి నివాసం ఇచ్ఛాపురం కాబట్టి శ్రీకాకుళం జిల్లాలో రోడ్డు ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్లో వేసినా చెల్లుతుంది. ఈ సంగతి ఆ పెద్దమనుషులకు చెప్పండి. ఎనభై వేల బేరం చల్లారడానికి ఇంతకంటే మంచి మందు నాకు తెలియదు. ట్రిబ్యునల్ నుంచి నోటీసు వస్తే మాత్రం బీరువాలో పెట్టేయకండి, అదే రోజు కంపెనీకి పంపాలి.

(ఇంకొకరికి పనికొస్తుందని: రోడ్డు ప్రమాదంలో దెబ్బ తగిలినవాళ్ళకు ఏడు రోజుల వరకు, 1.5 లక్షల దాకా నగదు కట్టకుండా వైద్యం చేసే పథకం 2025 మేలో వచ్చింది. గుర్తించిన ఆసుపత్రిలో మొదటిరోజే అడగాలి. మీ కేసులో ఆ వారం దాటిపోయింది.)

ముగ్గురెక్కిన సంగతికొద్దాం. రెండు చక్రాల బండి మీద నడిపేవాడు కాక ఒక్కరే కూర్చోవాలని 128వ సెక్షన్. పాప లెక్కలోకి రాదనుకోకండి, నాలుగేళ్ళు దాటితే హెల్మెట్ కూడా పెట్టాలి. దీనికి వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సుకు సెలవు. అది కట్టాల్సిందే, దాంట్లో వాదన లేదు. కానీ "ముగ్గురెక్కారు, కాబట్టి గుద్దిన తప్పు మీదే" అన్న లెక్క చెల్లదు. 2020లో మహమ్మద్ సిద్దిఖీ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది: ముగ్గురెక్కడం నిబంధన ఉల్లంఘనే, అయితే ఆ కారణంగానే ప్రమాదం జరిగిందని, లేదా దెబ్బ పెరిగిందని చూపిస్తేనే దాన్ని ప్రమాదానికి ముడిపెట్టాలి. బీమా కంపెనీ తప్పించుకోవడానికి 150వ సెక్షన్ ఇచ్చిన కారణాల్లో కూడా ముగ్గురెక్కడం లేదు.

అయితే మీరు రాసిన ఒక చిన్న వాక్యం నన్ను ఆపింది. "బ్రేకు వేసినా ఆగలేదు." అవతలి వకీలు పట్టుకునేది ఇదే. ముగ్గురి బరువు వల్లే ఆగలేదంటాడు, అప్పుడు ముగ్గురెక్కడానికీ ప్రమాదానికీ ముడి పడుతుంది. ఆ మనిషి ఎంత దూరంలో కనబడ్డాడు? సందు దగ్గర నిలబడి ఉన్నాడా, నడుస్తూ వచ్చాడా? ఎదురుగా లారీ ఏదైనా అడ్డుందా? మీ తమ్ముడూ మరదలూ వేరువేరుగా కూర్చుని, గుర్తున్నంతవరకు నిజంగా రాసిపెట్టుకోవాలి. కలిసి కూర్చుంటే ఒకరి జ్ఞాపకం ఇంకొకరికి అంటుకుంటుంది, క్రాస్ ఎగ్జామినేషన్లో అది తెలిసిపోతుంది. బండి కూడా సాక్షే. నడిచొచ్చినవాడు పక్కనుంచి బండి మీద పడితే ఫుట్‌రెస్టు, అద్దం, హ్యాండిలు ఒకవైపు దెబ్బతింటాయి. బండే వెళ్ళి గుద్దితే ముందు మడ్‌గార్డు వంగుతుంది. బండిని పరీక్షించే ఎం.వి. (మోటారు వాహనాల) ఇన్‌స్పెక్టరు తన రిపోర్టులో రెండు ముక్కలు రాసి ఊరుకోవచ్చు. కాబట్టి రిపేరుకు ఇచ్చేముందే బండిని నాలుగు వైపులా ఫోటోలు తీయించండి.

ఇక్కడివాళ్ళ నోట "పెద్ద బండిదే తప్పు" అన్నది శాసనంలా నడుస్తుంది. చట్టంలో ఎక్కడా లేదు. వేగంగా వెళ్ళినంత మాత్రాన నిర్లక్ష్యం కాదని కూడా 1998లో సతీశ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రోడ్డు, సమయం, జనం బట్టి చూడాలి. అదే సూత్రం మీకు ఎదురూ తిరుగుతుంది. పల్లె పక్కన, జనం రోజూ దాటే సందు దగ్గర, ఆ సంగతి ఎరిగిన స్థానికుడు నెమ్మదించాలి. మీ తమ్ముడు ఆ దారిలో ఎన్నోసార్లు తిరిగిన మనిషేనని ప్రాసిక్యూషన్ అంటుంది. ఇచ్ఛాపురం వాడు తిరగలేదనలేడు కదా.

నడిచేవాడికి చట్టం లేదా అన్నారు. ఉంది. మోటారు వాహనాల చట్టం శిక్షలు ఎక్కువగా నడిపేవాడి మీదే ఉన్నాయి, నిజమే. కానీ పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్, దారిలో ఎవరికైనా ప్రమాదం, అడ్డంకి కలిగించే మనిషికి ఐదువేల వరకు జరిమానా అంటుంది. బండి ఉన్నవాడని ఎక్కడా అనలేదు. నిర్లక్ష్యంతో ఇతరులను ప్రమాదంలో పడేయడం గురించిన 125వ సెక్షన్ కూడా "ఎవరైనా" అనే మొదలవుతుంది. పశువును రోడ్డు మీద వదిలి ప్రమాదం తెచ్చినవాడికి 291 ఉంది, ఆరు నెలల జైలు లేదా ఐదువేలు. బరంపురం గిరి రోడ్డులో సాయంత్రం పూట పడుకునే ఆవుల యజమానులు ఇది చదివితే బాగుండును. అయితే కాలు విరిగినవాడి మీద పోలీసులు 285 కట్టరు, కట్టిన కేసులు నేను చూడలేదు. మీరు ప్రైవేటు ఫిర్యాదు వేయొచ్చు గానీ వద్దంటాను. మంచాన ఉన్న మనిషిని కోర్టుకు లాగినట్టు కనిపిస్తుంది, దానివల్ల మీ అసలు కేసుకు ఒరిగేదేమీ లేదు. మరదలి దెబ్బలకు ఆయన మీద నష్టపరిహారం అడగాలంటే ట్రిబ్యునల్ వినదు, ఆయనకు బండి లేదు. మామూలు సివిలు కోర్టులో దావా వేయాలి. గీరుకుపోయిన దెబ్బలకు అది ఖర్చు తప్ప మరేమీ కాదు. ఆయన నిర్లక్ష్యం మీకు పనికొచ్చే చోటు ఒక్కటే: 166 కింద క్లెయిం వేస్తే, ఆయన వంతు తప్పు ఎంతో తేల్చి పరిహారంలో ఆ మేరకు కోయమని కంపెనీ అడుగుతుంది. అందుకు సాక్ష్యం మీ దగ్గరే ఉండాలి. ఆ సమయంలో ఫోను నడిచిందో లేదో కాల్ రికార్డు తెప్పించమని కోర్టును అడగవచ్చు. దగ్గర్లో ధాబా, పెట్రోలు బంకు ఉంటే కెమెరా ఫుటేజీ కొద్ది రోజుల్లో చెరిగిపోతుంది. నెలయింది, అయినా వెళ్ళి అడగండి.

క్రిమినల్ కేసులో న్యాయ సంహిత 281 (నిర్లక్ష్యంగా బండి నడపడం), 125(బి) (నిర్లక్ష్యంతో తీవ్రగాయం చేయడం) పెట్టి ఉంటారు. మొదటిదానికి ఆరు నెలలు లేదా వెయ్యి రూపాయలు, రెండోదానికి మూడేళ్ళ వరకు లేదా పదివేలు. రెండింట్లోనూ బెయిలు హక్కు. "ఒడిశా పూచీదారు కావాలి, ఆంధ్రావాడు చెల్లడు" అని ఎవరన్నా వినకండి. వేరే జిల్లా పూచీదారును కాదన్న మేజిస్ట్రేటును 1978లోనే మోతీరాం కేసులో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. సరిహద్దులో బతికే మనకు ఆ తీర్పు నోటికి వచ్చి ఉండాలి. గాయపడినాయన ఒప్పుకుంటే 125(బి)ని కోర్టు అనుమతితో రాజీ చేసుకోవచ్చు. 281 రాజీ జాబితాలో లేదు, దాన్ని కొట్టేయించుకోవాలంటే కటక్ హైకోర్టుకే వెళ్ళాలి. "జరిమానా కట్టి తప్పు ఒప్పుకుంటే ఒక్కరోజులో అయిపోతుంది" అని సలహా చెప్పేవాళ్ళు కోర్టు ఆవరణలో కొల్లలు. మీ తమ్ముడు ఏ ఉద్యోగానికైనా ప్రయత్నిస్తుంటే ఆ ఒక్కరోజు చాలాకాలం వెంటాడుతుంది. ట్రిబ్యునల్లో కూడా అది మీకు ఎదురు నిలుస్తుంది. ఒప్పుకోవద్దని నా అభిప్రాయం.

ఒడియా కాగితాల మీద సంతకాలు: దర్యాప్తులో ఇచ్చిన వాంగ్మూలం మీద అసలు సంతకమే తీసుకోకూడదని, పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన నాగరిక సురక్షా సంహిత 181వ సెక్షన్. పెట్టించిన సంతకాలు బహుశా సీజర్ లిస్టు (స్వాధీనం చేసుకున్నవాటి జాబితా), నోటీసు, బెయిలు బాండు మీదివి కావచ్చు. అవి మామూలే. ఖాళీ కాగితం మీద పెట్టించి ఉంటే మాత్రం పైన చెప్పిన ఉత్తరంలోనే ఆ మాట కూడా రాయండి. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఒడిశా పోలీసు పోర్టల్లో దొరుకుతుంది, ఒడియా చదివే పిల్లవాడి చేత అక్షరం అక్షరం చదివించుకోండి. ముఖ్యంగా ప్రమాదం ఎక్కడ జరిగిందని రాశారో. సందు దగ్గర అని రాశారా, ఊరి మలుపు దగ్గర అని రాశారా అన్నదాంతోనే సగం కేసు తేలుతుంది.

బండిని తనిఖీకి తీసుకుంటే 24 గంటల్లో తిరిగివ్వాలని మోటారు వాహనాల చట్టం 136వ సెక్షన్ అంటోంది. నెల రోజులు వానలో ఉంచడానికి కారణం ఏమీ లేదు. బరంపురం మేజిస్ట్రేటు దగ్గర సురక్షా సంహిత 503 కింద దరఖాస్తు వేయండి. ఆర్.సి., ఇన్సూరెన్సు, లైసెన్సు నకళ్ళు చాలు, ఏపీ నెంబరు అడ్డం కాదు.

చివరిగా ఆ సందు. డివైడరు కోసి దారి చేసినవాళ్ళెవరో తేలదు గానీ, రోడ్డును ప్రమాణాల ప్రకారం ఉంచక, దానివల్ల మనిషి పోయినా వైకల్యం వచ్చినా రోడ్డు సంస్థకు, కాంట్రాక్టరుకు మోటారు వాహనాల చట్టం 198ఎ కింద లక్ష వరకు జరిమానా ఉంది. హైవే హెల్ప్‌లైను 1033కు ఫిర్యాదు చేయండి. చేసేముందు ఆ సందు ఎంత వెడల్పుందో, రెండు వైపులా కాలిబాట ఎలా అరిగిందో, అక్కడికి ఎంత దూరంలో కిలోమీటరు రాయి ఉందో తెలిసేలా ఫోటోలు తీసి పెట్టుకోండి. వాళ్ళు వచ్చి మూసేశాక, అక్కడ సందు ఉండేదని కోర్టును నమ్మించడం కష్టం.