ఇల్లు కాలింది, కుక్క వైద్యానికి డబ్బెక్కడ?

ప్రశ్న: వారం కిందట గ్యాస్ లీకై వంటిల్లు, సామాను కాలిపోయాయి. మనుషులం బయటపడ్డాం. మా కుక్కకు వీపు, పాదాలు కాలాయి. పిల్లి పొగ పీల్చింది. ప్రైవేటు డాక్టరుకు ఇప్పటికే తొమ్మిది వేలయ్యాయి, మావారికి పని లేదు. పెంపుడు జంతువులకు ప్రభుత్వ సాయమేదైనా ఉందా? ఎవరికైనా ఇచ్చేయమంటున్నారు. – ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: ఇచ్చేయకండమ్మా, ఇంకా ఆ అవసరం రాలేదు. విపత్తు సాయంలో కుక్క, పిల్లి పేరున పైసా రాదు, నిజమే. కానీ మీ పేరున రావలసిన డబ్బుంది. దాన్ని రాబట్టుకుంటే చేతిలోది వైద్యానికి మిగులుతుంది.

ప్రభుత్వ రంగ గ్యాస్ కంపెనీల కనెక్షనుకు బీమా ఉంటుంది, ప్రీమియం మీరు కట్టక్కర్లేదు. కనెక్షన్ నమోదైన చిరునామాలో గ్యాస్ వల్ల ప్రమాదం జరిగితే ఆస్తి నష్టానికి గరిష్ఠంగా 2 లక్షల రూపాయలు ఇస్తారు. గ్యాస్ డీలరుకు రాతపూర్వకంగా తెలిపి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఫోన్లో చెప్పాంలే అని ఊరుకోవద్దు. పోలీసు ఫిర్యాదు కాపీ, అగ్నిమాపక కేంద్రం ఇచ్చే ధ్రువపత్రం జత చేయండి. బీమా కంపెనీ పంపే సర్వేయరు వచ్చి చూసేదాకా కాలిన పైపు, రెగ్యులేటరు, పొయ్యి, మసిబారిన గిన్నెలతో సహా అలాగే ఉంచండి. చాలామంది ఇల్లు కడిగేసి, పాత ఇనుప సామాను వాళ్లకు అమ్మేస్తారు. తర్వాత చూపడానికేమీ ఉండదు, క్లెయిము అక్కడే చెడుతుంది. ఇప్పటికే శుభ్రం చేసేసి ఉంటే పక్కింటివాళ్ల ఫోన్లలో ఆ రోజు తీసిన ఫొటోలు అడిగి తెచ్చుకోండి. విపత్తు సాయం కోసం తహసీల్దారు కార్యాలయంలోనూ అర్జీ పెట్టండి.

ఇక వైద్యం. మీకు దగ్గరలో గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. బోధనాసుపత్రి కాబట్టి ప్రైవేటుకంటే ఖర్చు బాగా తక్కువ. పాత చీటీలు, టీకాల కార్డు పట్టుకెళ్లండి, చేసిన పరీక్షలే మళ్లీ చేయించే బాధ తప్పుతుంది. రోజూ కట్టు మార్చడం ఇంట్లోనే ఎలాగో అక్కడ చూపించమనండి. పుండు కడగడానికి లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 9 గ్రాముల ఉప్పు, అంటే చిన్న చెంచాతో ఒకటిన్నర, కలిపితే చాలు. కుక్క నాకకుండా మెడకు గరాటు కొనలేకపోతే చిన్న ప్లాస్టిక్ బకెట్ అడుగు కోసి, అంచుకు గుడ్డ చుట్టి తొడగండి. నాకితే పుండు మానదు, మందు కూడా కడుపులోకి పోతుంది.

ఖర్చుకు భయపడి మనుషుల నొప్పి మాత్రలు మాత్రం వేయకండి. పారాసెటమాల్ ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. పొగ ప్రభావం ఆలస్యంగానూ బయటపడుతుంది. పిల్లి నోరు తెరిచి రొప్పుతుంటే ఆ గంటలోనే తీసుకెళ్లండి.

చందాలు అడగడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఆసుపత్రి రాసిచ్చిన ఖర్చు అంచనా చూపి, వీలైతే డబ్బు నేరుగా ఆసుపత్రికే కట్టమనండి. అప్పుడు ఇచ్చేవారికి అనుమానం ఉండదు.

ఇల్లు సర్దుకునేదాకా కుక్కనూ పిల్లినీ బంధువుల దగ్గర ఉంచాల్సివస్తే కాగితం మీద రాసుకోండి: ఎన్ని రోజులు, తిండి ఎవరిది, జబ్బుచేస్తే ఎవరు కట్టాలి. మాట మీద వదిలేసిన కుక్కను వెనక్కి ఇవ్వని గొడవలు చాలానే వస్తున్నాయి.

ప్రశ్న: వరదలో పాడిగేదె, నాలుగు మేకలు, పెంపుడు కుక్క పోయాయి. దేనికి పరిహారం వస్తుంది? – ఓ పాఠకుడు, ఖమ్మం జిల్లా

జవాబు: కుక్కకు రాదండీ. మిగిలినవాటికి వస్తుంది. 2022–26 కాలానికి పెట్టిన విపత్తు సాయం నిబంధనల్లో పాడిగేదెకు 37,500 రూపాయలు, మేకకు 4,000 అని ఉంది. వాటి ప్రకారం కుటుంబానికి పెద్ద పాడిపశువులైతే మూడు, మేకలు, గొర్రెలైతే 30 దాకా లెక్క. కోళ్లుంటే ఒక్కోదానికి 100, కుటుంబానికి 10,000 మించదు. ఇప్పుడు అమల్లో ఉన్న రేట్లెంతో, రాష్ట్రం ఇంకా ఎక్కువ ప్రకటించిందేమో మండల కార్యాలయంలో అడగండి.

కళేబరాన్ని పాతిపెట్టకముందే పశువైద్యుణ్ని పిలిచి మరణ ధ్రువీకరణ రాయించుకోవాలి. గేదె చెవికి నంబరు పోగు (ట్యాగ్) ఉంటే ఆ నంబరు కనబడేలా ఫొటో తీయండి. బీమా కట్టి ఉంటే ఆ పోగును తీసి పారేయొద్దు, కంపెనీ మొదట అడిగేది అదే. కొట్టుకుపోయి కళేబరం దొరకకపోతే పంచనామాలో ఆ సంగతి రాయించి, పాలకేంద్రం పుస్తకాన్ని ఆధారంగా చూపండి. గేదె మీదేనని, మొన్నటిదాకా పాలిచ్చిందని అందులో తేదీలతో ఉంటుంది.