పెట్రోలు కూపన్లు దాచుకుంటే ఫెమా కేసవుతుందా?

ప్రశ్న: మా బావగారు జింబాబ్వే రాజధాని హరారేలో పనిచేసి 2009లో తిరిగి వచ్చారు. అక్కడి పెట్రోలు కూపన్లు ఒక కట్ట, వంద ట్రిలియన్ డాలర్ల నోట్లు మూడు నాకిచ్చారు. అన్నిటికీ గడువు తీరిపోయింది. విదేశీ ద్రవ్యం దాచినందుకు ఫెమా (విదేశీ మారక నిర్వహణ చట్టం) కేసు పెడతారని మిత్రుడు భయపెడుతున్నాడు. పైగా ఆన్‌లైన్‌లో 6,000 రూపాయలకు ‘అసలుది’ అని కొన్న మరో కూపన్ రంగుల జిరాక్సు అని తేలింది. ఏం చేయాలి? (ఒక పాఠకుడు, కాకినాడ)

జవాబు: ముందు కూపన్ మీద ఏం రాసి ఉందో చదవండి. డబ్బు ఇస్తామని అందులో ఉండదు, ఇన్ని లీటర్లు పోస్తామని ఉంటుంది. 2008 జూలైలో జింబాబ్వే ద్రవ్యోల్బణం అధికారిక లెక్కల్లోనే ఏడాదికి 23 కోట్ల శాతం దాటింది. జింబాబ్వే డాలరు ఎంత కరిగినా లీటరు లీటరే కదా! అందుకే కూపన్లు జీతాలకూ, అద్దెలకూ కూడా చెల్లాయి. నోటులా తిరిగింది కాబట్టి నోటే అనుకున్నాడు మీ మిత్రుడు.

ఫెమా 1999, సెక్షన్ 2 ప్రకారం ‘కరెన్సీ’ అంటే నోట్లు, చెక్కులు, డ్రాఫ్టులు, క్రెడిట్ కార్డుల వంటివి. రిజర్వు బ్యాంకు నోటిఫికేషన్‌తో, ఆర్థిక బాధ్యతను సృష్టించగల ఇతర సాధనాలూ ఇందులో చేరాయి. గడువు తీరిన కూపన్‌కు ఏ బంకులోనూ చుక్క పోయరు. దానివల్ల ఎవరి మీదా బాధ్యత పుట్టదు. నా దృష్టిలో అది సేకరణ వస్తువే.

ఇక నోట్లు. 2015 సెప్టెంబరు 30 వరకు జింబాబ్వే బ్యాంకులు 250 ట్రిలియన్లకు ఒక అమెరికన్ డాలరు ఇచ్చాయి. ఆ లెక్కన మీ మూడింటికీ కలిపి డాలరుంపావు కూడా వచ్చేది కాదు. ఇప్పుడు అదీ లేదు. మనదేశంలో నివసించేవారు విదేశీ నోట్లు 2,000 అమెరికన్ డాలర్ల విలువ వరకు ఉంచుకోవచ్చు. దీని గురించి నిద్ర పాడుచేసుకోకండి.

అసలు గొడవ ఆ జిరాక్సుదే. అమ్మినవారు ఇదే వ్యాపారంగా చేస్తుంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. గడువు రెండేళ్లు, 5 లక్షల లోపు చెల్లింపులకు ఫీజు లేదు. సరదాగా అమ్ముకున్న తోటి సేకర్త అయితే ఆ దారి కష్టం. వర్ణనకు సరిపోని సరుకు ఇచ్చారని 1930 సరుకుల విక్రయ చట్టం కింద సివిల్ దావా వేయాలి. నకిలీ అని తెలిసే అమ్మి ఉంటే మోసం కేసూ పెట్టవచ్చు. ఏదైనా ముందు స్పీడు పోస్టులో నోటీసు పంపండి. ‘అసలుది’ అన్న ప్రకటన స్క్రీన్‌షాట్, చెల్లింపు రసీదు, పార్సిల్ కవరు పారేయకండి. నష్టం పూడ్చుకుందామని మాత్రం ఆ జిరాక్సును అసలుదని ఇంకొకరికి అమ్మకండి. ఆ మోసం కేసులో ముద్దాయి మీరవుతారు.