మీ ఉత్తరంలో దారిన పోతూ రాసిన వాక్యం

విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం సారాంశం: "అమ్మా, నమస్కారం. నాకు నలభై నాలుగేళ్లు. ప్రభుత్వోద్యోగిని. కాలేజీ రోజుల నుంచి రక్తదానం చేస్తున్నాను, పాతికసార్లు దాటింది. రెండేళ్ల క్రితం నా ప్రాణస్నేహితుడి తండ్రిగారికి గుండె ఆపరేషన్ జరిగినప్పుడు నేను రక్తం ఇవ్వడమే కాకుండా మరో నలుగురిని పోగుచేసి తీసుకువెళ్లాను. పదేళ్లుగా కనుమ భోజనం మా ఇంట్లోనే. నలుగురు స్నేహితుల కుటుంబాలు కలిపి పదహారు మంది వస్తారు. మా ఆవిడకు వండిపెట్టడమంటే ప్రాణం. ఈసారి ఆ స్నేహితుడు కొత్తగా కొన్న ఫ్లాటులో విందు పెట్టి మిగతా ముగ్గురినీ పిలిచాడు, నన్ను పిలవలేదు. వాట్సాప్‌లో ఫొటోలు చూశాకే నాకు తెలిసింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా ఆవిడ మాత్రం 'పోనీలెండి, ఈ కనుమకైనా కాస్త నడుం వాల్చాను' అంది. ఆమెకు ఇలాంటివి పట్టవు. అక్టోబరు 1న మా ఆఫీసు శిబిరానికి నాతోపాటు వచ్చి, హిమోగ్లోబిన్ 9.8 ఉందని వెనక్కి పంపేస్తే నవ్వుకుంటూ ఇంటికి వెళ్లి నాకు దానిమ్మ రసం తీసి ఉంచింది. అతణ్ణి నిలదీయాలా, తెగతెంపులు చేసుకోవాలా? ఇక తెలిసినవారికి రక్తం ఇవ్వడం మానుకోవాలా?"

అయ్యా, మీరు అడిగిన ప్రశ్నలను ముందు త్వరగా ముగించేస్తాను, ఎందుకంటే వాటి మీద ఎక్కువసేపు కూర్చునే ఉద్దేశం నాకు లేదు. నిలదీయకండి, తెంచుకోకండి. పదేళ్లు వరుసగా మీ ఇంట్లో తిన్నవాడు ఒక ఏడాది తన ఇంట్లో నలుగురికి పెట్టి మిమ్మల్ని పిలవకపోవడానికి నిర్లక్ష్యం కారణం కావచ్చు, మొహమాటం కావచ్చు, మీకు తెలియకుండా మీరే ఎప్పుడో అన్న మాట కావచ్చు. కొత్త ఇల్లు చూడటానికి ఎప్పుడు రమ్మంటావని ఒక్క ఫోను చేస్తే ఆ గొంతులోనే మీకు సగం సంగతి తెలిసిపోతుంది. దానికోసం నాలుగు పేజీల ఉత్తరం అక్కర్లేదు.

రక్తం సంగతి వేరు. మన దేశంలో రక్తాన్ని డబ్బుకు అమ్ముకునే పద్ధతి పోవాలని సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పింది, 1998 జనవరి 1 నుంచి అది పూర్తిగా నిషిద్ధమైంది. మీరు రూపాయి పుచ్చుకోలేదు, సంతోషం. కానీ విందు పిలుపు రూపంలో అది తిరిగి రావాలని మనసులో పద్దు రాసుకున్నారు. రోగి తరఫున మనం ఇచ్చే సీసా సాధారణంగా రక్తనిధి నిల్వలోకి వెళుతుంది. పరీక్షలు పూర్తయి సిద్ధంగా ఉన్న మరొకరి రక్తాన్ని రోగికి ఎక్కిస్తారు. మీరిచ్చిన దానిని ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు, ప్లాస్మాగా విడదీసి ఉంటే అది ముగ్గురు అపరిచితుల ఒంట్లోకి కూడా వెళ్లి ఉండవచ్చు. వారెవరూ మిమ్మల్ని కనుమకు పిలవలేదని మీకు బాధ లేదు కదా. ఇవ్వడం మానకండి. పుట్టుకతోనే ఒంట్లో రక్తం సరిగా తయారుకాని తలసీమియా పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, ప్లేట్‌లెట్లు తీసిపెట్టినా అయిదు రోజులకు మించి నిలవ ఉండవు. మగవారు తొంభై రోజులకోసారి ఇవ్వవచ్చు. ఎవరో తెలిసినవారు ఫోను చేసేదాకా ఆగకుండా, గడువు తీరగానే మీరే వెళ్లి ఇచ్చి రండి. అప్పుడు ఎవరి తండ్రికి ఇచ్చామన్న గుర్తు కూడా మిగలదు.

ఇక మీరు అడగని విషయానికి వస్తాను. మీ స్నేహితుడి గురించి రెండు పేజీలకు పైగా రాశారు. మీ భార్య హిమోగ్లోబిన్ 9.8 అన్న మాటను ఒకే వాక్యంలో, అదీ ఆమె దేన్నీ పట్టించుకోని మనిషి అని నిరూపించడానికి, దారిన పోతూ చెప్పారు. ఉత్తరం అక్కడికి వచ్చేసరికి నేను ఆగిపోయాను.

పాతికసార్లు ఇచ్చిన మీకు శిబిరంలో జరిగేది నేను చెప్పనక్కర్లేదు. వేలి కొసను సూదితో పొడిచి, ఒక్క రక్తపు చుక్కను మైలుతుత్తం కలిపిన నీలిరంగు నీళ్లలో వదులుతారు. మునిగితే రక్తం ఇవ్వడానికి పనికొస్తారు. తేలితేనో, మధ్యలో వేలాడితేనో, యంత్రంతో మళ్లీ చూసి వెనక్కి పంపుతారు. రక్తం ఇవ్వాలంటే హిమోగ్లోబిన్ కనీసం 12.5 ఉండాలని నియమం. అది ఇచ్చేవారికి పెట్టిన గీత. ఇవ్వకుండా ఇంట్లో కూర్చున్న స్త్రీకి సైతం 12 కంటే తగ్గితే దాన్ని రక్తహీనత అంటారు, 8 నుంచి 11 లోపు ఉంటే మధ్యస్థ స్థాయి అంటారు. మీ ఆవిడ అక్కడ ఉన్నారు. ఆరోజు ఆమెను వెనక్కి పంపినవారు మంచి పని చేశారు, ఎందుకంటే ఎవరూ ఎన్నడూ చూడని ఆమె రక్తాన్ని వారు చూసి, అంకె వేసి మీ చేతిలో పెట్టారు. అక్టోబరు వెళ్లింది, దీపావళి వెళ్లింది, సంక్రాంతి కూడా వెళ్లింది. మూడు నెలలు గడిచినా ఆ అంకె మీకు హాస్యంగానే గుర్తుంది.

కనుమ సంగతి కూడా చూద్దాం. పండగ మూడో రోజుకు మీ ఇంట్లో ఆవిడ ఏ స్థితిలో ఉంటారో మీరు ఎన్నడైనా గమనించారా? అరిసెల పాకం దగ్గర వారం ముందే మొదలవుతుంది. భోగినాడు తెల్లవారకముందే లేవాలి, సంక్రాంతినాడు పెద్దలకు పెట్టుకోవాలి. ఆ రాత్రే మర్నాటి గారెలకు మినపప్పు నానబోసి, తెల్లవారుజామున రుబ్బాలి, మరో పొయ్యి మీద నాటుకోడి పులుసు ఉడకాలి. పదహారు మంది బంతిలో కూర్చున్నాక వాయి వెనుక వాయి గారెలు వేడివేడిగా దించి విస్తళ్లలో వెయ్యాలి, ఎందుకంటే చల్లారిన గారెను మీ స్నేహితులు వంక పెడతారు. మగవారు, పిల్లలు, తరువాత వచ్చిన ఆడవారు తిని లేచాక, చివరి పీటకు గిన్నె అడుగున పులుసు, కాస్త విరిగిన గారె ముక్కలు మిగులుతాయి. కోడి కార్జం మీ విస్తట్లోకి వెళ్లి ఉంటుంది. ఇంటి ఇల్లాలు చివర తినడం మన ఇళ్లలో ఎవరూ నిర్ణయించింది కాదు, ఎవరూ ప్రశ్నించిందీ కాదు. ఆమెకు వండిపెట్టడమంటే ప్రాణమని మీరు రాశారు. కావచ్చు, నాకూ తెలిసిన చాలామందికి ఆ ఇష్టం నిజంగానే ఉంది. కానీ పదేళ్లలో ఒక్కసారి వంట తప్పిన రోజున ఆమె నోటి నుంచి వచ్చిన మాట "నడుం వాల్చాను" అన్నది. మీరు దాన్ని తేలిక స్వభావం అనుకున్నారు. 9.8తో మూడు రోజుల పండగ నెట్టుకొచ్చిన మనిషి మీకు నిజం చెప్పిందని నేను అనుకుంటున్నాను.

ఇందులో నాకు అన్నిటికంటే కష్టంగా అనిపించినది దానిమ్మ రసం. మీ ఒంట్లోంచి 350 మిల్లీలీటర్లో 450 మిల్లీలీటర్లో తీస్తే, ద్రవభాగం ఒకటి రెండు రోజుల్లో తిరిగి చేరుతుంది, ఎర్రకణాలు నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో పుంజుకుంటాయి, మీరు మర్నాడు ఆఫీసుకు వెళతారు. అంత మాత్రానికే ఆవిడ మీకు రసం తీసి ఉంచారు. ఆమెకు రక్తం తక్కువగా ఉందని తెలిసిన అదే రోజున, ఆ ఇంట్లో దానిమ్మకాయ ఎవరికోసం ఒలిచారో మీరు ఆలోచించనైనా లేదు. ఆమె అడగలేదు కదా అంటారేమో. భర్తకు తన ఒంటి సంగతి ఆడది అడిగి చెప్పుకోవాల్సి వస్తే, ఇరవై ఏళ్ల కాపురానికి అర్థమేముంది? మీ స్నేహితుడు మీ మనసును తెలుసుకుని పిలవలేదని మీకు కోపం. మీ కోపం న్యాయమే అయితే, మరి ఆవిడది?

ఇది మీ ఒక్కరి ఇంటి కథ కాదని నాకు తెలుసు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవారిలో వందకు 58 మందికి పైగా, తెలంగాణలో 57 మందికి పైగా రక్తహీనత ఉన్నట్లు తేలింది. దేశం మొత్తం మీద అదే వయసు మగవారిలో ఆ లెక్క వందకు 25. ఒకే వంటింటి తిండి తినే మనుషుల మధ్య అంత తేడా రావడానికి నెలసరి, కాన్పులు చాలావరకు కారణమే. మిగిలిన కారణాన్ని మన విస్తళ్లలో వెతకాలి. ఆడవారు ఇలా అరిగిపోవడాన్ని ఓర్పు అని మెచ్చుకునే అలవాటు నాకు ముందునుంచీ గిట్టదు. అలసటను ఇంట్లోవాళ్లు గుణం కింద జమ కడితే, ఆవిడ కూడా కొన్నాళ్లకు అదే నమ్ముతుంది.

కాబట్టి ఈ వారంలోనే సెలవు పెట్టి, ఆవిడను వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్లండి. వెళ్లిరా అని చెప్పి పంపకండి, వెళ్లరు. పూర్తి రక్తపరీక్ష, ఇనుము నిల్వను తెలిపే ఫెరిటిన్ పరీక్ష చేయిస్తారు, అవసరమైతే థైరాయిడ్ కూడా చూస్తారు. నలభై దాటే వయసులో నెలసరి ఎక్కువగా అవుతూ ఉంటే గర్భసంచిలో కణుతులు ఉన్నాయేమో స్కానింగులో తెలుస్తుంది. నెలసరి గురించి డాక్టరు అడిగినప్పుడు ఆవిడ సిగ్గుపడి "మామూలే" అంటే మీరు కాసేపు బయటికి వెళ్లి కూర్చోండి. కారణం తెలియకుండా మందుల దుకాణంలో టానిక్కు కొని తెచ్చి బాధ్యత తీరిందనుకోవద్దు. ఇనుము మాత్రలు రాస్తే వాటిని కాఫీ, టీలతో కానీ పాలతో కానీ వేసుకోకూడదు, నిమ్మరసంతో వేసుకుంటే బాగా ఒంటికి పడతాయి. మలం నల్లగా వస్తుంది, భయపడి ఆపేస్తారు, ముందే చెప్పండి. అంకె 12 దాటగానే ఆపేసేవారే ఎక్కువ, కానీ నిల్వలు నిండడానికి ఆ తరువాత కూడా కొన్ని నెలలు డాక్టరు చెప్పినంత కాలం వాడాలి. తోటకూర, మునగాకు, నువ్వుల ఉండ, వారానికోసారి కార్జం మంచివే. అయితే వాటిని ఆవిడే వండుకుని ఆవిడే చివర తినేటట్లయితే నేను చెప్పి ఉపయోగం లేదు. ఉత్తరం చివర పదో తరగతి చదువుతున్న మీ అమ్మాయి గురించి ఒక మాట రాశారు. ఆ పిల్లకు కూడా పరీక్ష చేయించండి.

అత్తగారు ఏమంటారోనన్న సందేహం మీకు వస్తుందని ఊహిస్తున్నాను, ఎందుకంటే మీ అమ్మగారు మీతోనే ఉంటున్నారని రాశారు. దీనిని అమ్మగారి మీదికి తోయకండి. ఆవిడ వయసులో ఆవిడకు ఎవరూ రక్తపరీక్ష చేయించి ఉండరు, కోడలికి చేయిస్తే అభ్యంతరం చెప్పే మనిషిగా మీరు ఎక్కడా రాయలేదు. నిర్ణయం మీది, సెలవు మీది, చేయవలసినదీ మీరే.

ఉగాదికి, వచ్చే సంక్రాంతికి స్నేహితులను తప్పక పిలవండి, ఆ ఫ్లాటు స్నేహితుణ్ణి కూడా. పదహారు మందికీ వంటమనిషిని పెట్టుకునే స్తోమత మీకు ఉంది. లేదా ఒక్కో ఇంటి నుంచి ఒక్కో వంటకం తెచ్చుకునే ఏర్పాటు చేసుకోండి, గారెలు బాండీలో మీరే దించండి. వారు ఒప్పుకోకపోతే ఆ స్నేహం గారెల మీద నిలబడిందని మీకే తెలుస్తుంది. ఆవిడ ఆ రోజు మొదటి బంతిలో కూర్చోవాలి. ముందు మొహమాటపడతారు, "నాకిలా అలవాటు లేదు" అంటారు. ఆ మాటకు సమాధానం చెప్పకుండా విస్తరి వేయండి. పరీక్షల కాగితాలు వచ్చాక అవసరమైతే మళ్లీ రాయండి. ఈసారి స్నేహితుడి సంగతులు తగ్గించి, ఆవిడ నిద్ర, ఆకలి, ఆయాసం, మెట్లు ఎక్కితే ఎలా ఉంటోంది, ఈ నాలుగూ ఆవిడను అడిగి రాయండి.